‘స్విఫ్ట్‌కి కావాలి’ అంటే చాలదు: కౌంటరు అక్క జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి సగం ఒకటే గోల. డబ్బులు పెట్టి కొన్న పార్టు బండికి పట్టలేదు. అందుకే ఈసారి మైలేజీ ప్రశ్నలు, పాలిష్ ప్రశ్నలు పక్కన పెట్టి వీటికే జవాబులు రాస్తున్నాను.

కొత్తగా చదివేవాళ్ళకి ఒక మాట. మాది ఒడిశాలోని రాయగడలో స్పేర్ పార్ట్స్ దుకాణం. మజ్జిగౌరమ్మ గుడికి పూజకి వచ్చి నిమ్మకాయలు తొక్కించుకున్న కొత్త కార్లే అయిదారేళ్ళ తర్వాత బ్రేకులు కీచుమంటూ మా ముందు ఆగుతాయి. మా ఆయన పోయాక 2009 నుంచి కౌంటర్లో నేనే కూర్చుంటున్నాను. అప్పట్లో ఆయిల్ ఫిల్టరుకీ డీజిల్ ఫిల్టరుకీ తేడా తెలియని దాన్ని. కాబట్టి తెలియక తప్పు కొన్నవాళ్ళని నేను నవ్వను.

ప్రశ్న: అక్కా, నాది 2010 మోడల్ స్విఫ్ట్, పెట్రోలు. విజయనగరంలో సెకండ్ హ్యాండ్‌లో కొని, ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే కాగితం) తెచ్చి ఇక్కడ ఓడీ 18 నంబరు వేయించాను. క్లచ్ జారుతుంటే ఆన్‌లైన్‌లో ‘స్విఫ్ట్ పెట్రోల్ 2010’ అని కొట్టి క్లచ్ సెట్టు, ఎయిర్ ఫిల్టరు తెప్పించాను. గేర్‌బాక్స్ దించేశాక మెకానిక్ రెండూ పట్టవు అన్నాడు. అమ్మినవాళ్ళు వెనక్కి తీసుకోం అంటున్నారు. తప్పు ఎవరిది? (గుణుపురం)

జవాబు: సగం తప్పు ఆ 2010ది, తమ్ముడూ.

స్విఫ్ట్ 2005లో వచ్చినప్పుడు దాని పెట్రోలు ఇంజన్ 1.3 లీటర్లది. 2007లో డీజిల్ వచ్చింది, అదీ 1.3 లీటర్లదే. 2010లో పాత పెట్రోలు ఇంజన్ తీసేసి 1.2 లీటర్ల కే-సిరీస్ ఇంజన్ పెట్టారు. పైనున్న బాడీ మాత్రం అదే. రోడ్డు మీద రెండు బండ్లనీ పక్కపక్కన ఆపితే వాటి యజమానులే తేడా చెప్పలేరు. అందుకే 2010 స్విఫ్ట్ పెట్రోలు అని ఎవరైనా అంటే నా లెక్కలో అది ఒక బండి కాదు, రెండు. ‘1.3 స్విఫ్ట్’ అన్నా చాలదు. ఏం పోయిస్తారు, పెట్రోలా డీజిలా అని మళ్ళీ అడగాల్సిందే.

ఆర్‌సీ తీసి క్యూబిక్ కెపాసిటీ (సీసీల్లో ఇంజన్ సైజు) అన్నచోట చూడండి. 1298 అని ఉంటే పాత పెట్రోలు ఇంజన్, 1197 ఉంటే కొత్త పెట్రోలు, 1248 ఉంటే డీజిల్. మీరు పంపిన ఆర్‌సీ జిరాక్స్‌లో 1298 స్పష్టంగా కనిపిస్తోంది. మీకు వచ్చింది 1197 బండి సామాను. ఈ ఒక్క అంకె ముందే చూసుకుని ఉంటే గేర్‌బాక్స్ దించిన కూలీ మిగిలేది.

బొలెరో వాళ్ళకీ ఇదే చెబుతాను. మన కొండ రోడ్ల మీద తిరిగే బొలెరోల్లో 2523 సీసీవి ఉన్నాయి, 2016లో వచ్చిన పవర్ ప్లస్ 1493 సీసీది. ‘బొలెరోకే కదా, ఇచ్చెయ్యక్కా’ అంటే ఏ బొలెరో?

ఇక మీ నంబరు ప్లేటు. అది ఇంకో మోసం. ఒడిశాలో 2012కి ముందు ఓఆర్ ఉండేది, తర్వాత ఓడీ వచ్చింది. మీ ఓడీ 18 చూడగానే కౌంటర్లో కుర్రాడు ఇది 2012 తర్వాత బండి అని లెక్క వేసేస్తాడు. కానీ మీ బండి మొదటి నంబరు ఏపీ 35. సరిహద్దు జిల్లాల్లో ఇటు బండి అటు, అటు బండి ఇటు తిరిగినంతగా ఇంకెక్కడా తిరగవేమో. ప్లేటు చూసి వయసు చెప్పడం మన దగ్గర కుదరదు. రిజిస్ట్రేషన్ తేదీ కూడా పూర్తిగా నమ్మకూడదు. డిసెంబరులో ఫ్యాక్టరీ గేటు దాటిన బండి షోరూములో కూర్చుని కూర్చుని ఉగాదికి ఎవరింటికో వస్తుంది. ఆర్‌సీలో తయారీ నెల, సంవత్సరం విడిగా ఉంటాయి. పార్టుకి కావలసింది అదే.

వీటన్నిటికంటే గట్టిది ఛాసిస్ నంబరు. మొత్తం 17 అక్షరాలు, అంకెలు. మారుతీ అయితే ఎమ్ఏ3తో, హ్యుందాయ్ అయితే ఎమ్ఏఎల్‌తో, టాటా అయితే ఎమ్ఏటీతో మొదలవుతుంది. అందులో ఇంగ్లీషు ఐ, ఓ, క్యూ అక్షరాలు వాడరు, ఒకటితోనూ సున్నాతోనూ కలిసిపోతాయని. కాబట్టి గుండ్రంగా కనిపించింది సున్నాయే. ఫోన్లో ‘ఓ ఫర్ ఒరిస్సా’ అని చదివి వినిపించేవాళ్ళు నాకు వారానికి ఇద్దరైనా తగులుతారు. కంపెనీ డీలరు కౌంటర్లో ఆ 17 కొడితే మీ బండికి సరిపోయే ముక్క పార్టు నంబరుతో సహా వస్తుంది. ఆ నంబరు రాసుకుని ఆ తర్వాత ఎక్కడైనా కొనండి, నా దగ్గరే కొనక్కర్లేదు.

పార్టు నంబరులో కూడా ఒక తిరకాసు ఉంది. మారుతీ నంబర్లలో మొదటి అయిదు అంకెలు అది ఏ ముక్కో చెబుతాయి. ఆయిల్ ఫిల్టరుకి 16510, ఎయిర్ ఫిల్టరుకి 13780, ముందు బ్రేక్ ప్యాడ్లకి 55810. తర్వాత వచ్చేవి అది ఏ బండిదో చెబుతాయి. చాలామంది మొదటి అయిదూ కలిశాయని సంతోషపడి డబ్బా చించేస్తారు. ఇంటిపేరు కలిస్తే చుట్టాలైపోతారా? చివరి దాకా కలవాలి. ఒక్కోసారి కంపెనీయే పాత నంబరు ఆపేసి కొత్తది ఇస్తుంది. అలాంటప్పుడు ఈ పాత నంబరుకి బదులు వచ్చింది ఇదేనా అని డీలరు దగ్గర అడిగి, బిల్లు మీద రెండు నంబర్లూ రాయించుకోండి.

వెనక్కి తీసుకోవడం సంగతి. వాళ్ళ పేజీలో ‘మీ బండి 1.3 పెట్రోలుకి సరిపోతుంది’ అని ఉండి, వచ్చింది సరిపోకపోతే వాళ్ళు తీసుకోవాల్సిందే. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు అదే చెబుతున్నాయి, ప్రకటించిన లక్షణాలు లేని వస్తువుని అమ్మినవాళ్ళు వెనక్కి తీసుకోను అనకూడదు. ఆ పేజీ స్క్రీన్‌షాట్ ఉంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. కానీ పేజీలో 1.2 ఇంజన్‌కి అని రాసి ఉండి, మీరు సంవత్సరం మాత్రమే చూసి నొక్కి ఉంటే, ఆ దెబ్బ మీదే. రెండిట్లో ఏది జరిగిందో మీరు రాయలేదు. నాకైతే రెండోదే అనిపిస్తోంది.

నా సంగతీ చెప్పేస్తాను. కౌంటర్లో కూర్చున్న కొత్తలో ఒక జీపాయనకి క్లచ్ ప్లేటు ఇచ్చాను. పాతదాని మీద కొత్తది పెట్టి చూశాను, చుట్టుకొలత అంగుళం తేడా లేకుండా కూర్చుంది. ఇచ్చేశాను. సాయంత్రానికి మెకానిక్ ఆ ప్లేటు చేతికి తగిలించుకుని నల్లటి గ్రీజుతో వచ్చాడు. మధ్యలో షాఫ్టు దూరే చోట పళ్ళు ఉంటాయి చూశారూ, అవి లెక్కపెట్టలేదు నేను. పాతదానికీ కొత్తదానికీ రెండు పళ్ళ తేడా. గేర్‌బాక్స్ దించి ఎక్కించిన కూలీ నేనే ఇచ్చుకున్నాను. అప్పటినుంచి కౌంటరు సొరుగులో సుద్దముక్క ఉంటుంది. ఒక పన్ను మీద గీత పెట్టి, గోరుతో ఒక్కొక్కటీ మీటుతూ చుట్టూ లెక్కపెడతాను, పాతది ఒకసారి, కొత్తది ఒకసారి. ఎంత రద్దీగా ఉన్నా అంతే. వెనకాల నిలబడ్డవాళ్ళు విసుక్కుంటే విసుక్కుంటారు.

ప్రశ్న: ఫ్యాన్ బెల్టు తెగిపోయింది. దాని మీద నంబరు చెరిగిపోయింది. ఎలా కొనాలి? (జయపురం)

జవాబు: తెగిన బెల్టు పారేయకుండా ఉంచారా? అయితే పనైపోయినట్టే. లోపలి వైపు నిలువు గట్లు లెక్కపెట్టండి. ఆరు గట్లుంటే 6పీకే, నాలుగుంటే 4పీకే. తర్వాత తెగిన బెల్టుని నేల మీద పరిచి టేపుతో మిల్లీమీటర్లలో కొలవండి. 6పీకే 1555 అంటే ఆరు గట్లు, 1555 మిల్లీమీటర్ల పొడవు. పాత బెల్టు సాగి ఉంటుంది కాబట్టి కొలత నాలుగైదు మిల్లీమీటర్లు ఎక్కువ రావచ్చు. ఏసీ ఉన్న బండికీ లేని బండికీ, పవర్ స్టీరింగ్ పంపు బెల్టు మీద నడిచే బండికీ లేనిదానికీ పొడవు మారుతుంది. అందుకని మోడల్ పేరు చెప్పి ఊరుకోకుండా అవి ఉన్నాయో లేవో కూడా చెప్పండి.

ప్రశ్న: అమ్మా, నేను పొట్టంగిలో టీచర్ని. నెలకి రెండుసార్లు సుంకి ఘాట్ దిగి సాలూరు వెళ్తాం. ముందు బ్రేక్ ప్యాడ్లు తెప్పిస్తే అవి క్యాలిపర్‌లో (ప్యాడ్లని పట్టుకునే చట్రంలో) బిగుతుగా ఉన్నాయి. మెకానిక్ ‘రెండు పక్కలా కొంచెం గ్రైండింగ్ పడితే కూర్చుంటాయి’ అంటున్నాడు. పట్టించమంటారా? (పొట్టంగి)

జవాబు: వద్దు మాస్టారూ. ముందు ప్యాడ్ల చివరి చెవులు కూర్చునే గాడుల్లో తుప్పు, మట్టి గోకి శుభ్రం చేయించి పెట్టి చూడమనండి. బ్రేకు పని చేసి ఏళ్ళైతే తుప్పు పొంగి సరైన ప్యాడు కూడా బిగుస్తుంది. శుభ్రం చేశాక కూడా దూరకపోతే అది మీ బండి ప్యాడు కాదు. ఒకే మోడల్‌కి మధ్యలో క్యాలిపర్ మారిన సందర్భాలు ఉంటాయి. పాత ప్యాడు, కొత్త ప్యాడు వీపు కలిపి పెట్టి పట్టుకోండి. చెవులు, గుంటలు, క్లిప్పు కూర్చునే చోటు, మందం, అన్నీ ఒకదాని నీడలా ఇంకొకటి ఉండాలి. చెవులు అరగదీసిన ప్యాడు గాడిలో వదులుగా ఆడుతుంది, లేకపోతే అడ్డంగా ఇరుక్కుని ఎప్పుడూ డిస్కుని రాసుకుంటూనే ఉంటుంది. ఊళ్ళో తిరిగేవాళ్ళకి అది చప్పుడు. లారీల వెనకాల అడుగడుక్కీ బ్రేకు తొక్కుతూ సుంకి దిగేవాళ్ళకి అది వేడి.

ప్యాడు అంచున సన్నగా కొట్టిన అక్షరాల్లో ఎఫ్ఎఫ్, జీఎఫ్, జీజీ లాంటి జంట ఒకటి ఉంటుంది. మొదటి అక్షరం మామూలు వేడిలో ప్యాడు పట్టు, రెండోది బాగా వేడెక్కాక పట్టు. ఎఫ్ కంటే జీకి పట్టు ఎక్కువ. ఈ కంటే ఎఫ్‌కి ఎక్కువ. ఇది నాణ్యత సర్టిఫికెట్ కాదు, మన్నిక గురించి ఏమీ చెప్పదు. అయినా ఘాట్ దిగేవాళ్ళు రెండో అక్షరం చూసుకోవాలి. మీ పాత కంపెనీ ప్యాడు మీద ఏముందో చూసి, దానికంటే తక్కువది మాత్రం తీసుకోకండి. పనిలో పని, బ్రేక్ ఆయిల్ మూత మీద డాట్ 3 అని ఉందో డాట్ 4 అని ఉందో చదవండి. కొత్త ఆయిల్ డాట్ 3 అయితే 205 డిగ్రీలకి తక్కువ కాకుండా, డాట్ 4 అయితే 230కి తక్కువ కాకుండా మరుగుతుంది. డాట్ 4 రాసి ఉన్న బండిలో చవకని 3 పోయించకండి. దిగేటప్పుడు రెండో గేరు సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు, పిల్లలకి పాఠాలు చెప్పేవారు.

ప్రశ్న: నాది 2016 బండి, పెద్ద మోడల్. ముందు చక్రం బేరింగ్ మార్పించిన మర్నాటి నుంచి ఏబీఎస్ (గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకోకుండా చూసేది) లైటు వెలుగుతోంది. సెన్సార్ పోయింది, కొత్తది వేయాలంటున్నారు. నిన్నటిదాకా బాగున్నది ఒక్క రాత్రిలో ఎలా పోతుంది? (సునాబేడా)

జవాబు: మీ అనుమానమే నా అనుమానం. సెన్సార్ కొనకండి, ముందు బేరింగ్ చూడమనండి.

2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి. అంతకుముందు అదే కారు చిన్న మోడల్‌కి ఏబీఎస్ లేకుండా, పెద్ద మోడల్‌కి ఉండి అమ్మేవారు. మీది 2016 బండి, పెద్ద మోడల్. ఏబీఎస్ ఉన్న చాలా బండ్లలో బేరింగ్‌కి ఒక పక్క సీలులోనే అయస్కాంతం పట్టీ ఉంటుంది. చక్రం తిరుగుతుంటే సెన్సార్ చదివేది దాన్నే. ఏబీఎస్ లేని బండి బేరింగ్ కూడా అదే సైజు, అదే మెరుపు. రెండూ పక్కపక్కన పెడితే మా కుర్రాడే తడబడతాడు. సన్నటి గుండుసూది తెచ్చి సీలు దగ్గర పెట్టి చూడండి. పట్టీ ఉన్న పక్క సూది మెల్లగా అంటుకుంటుంది, రెండో పక్క అంటుకోదు. పట్టీ లేని బేరింగ్ వేసినా లైటు వెలుగుతుంది. పట్టీ ఉన్నదే తెచ్చి తిరగేసి నొక్కినా వెలుగుతుంది, పట్టీ సెన్సార్ వైపు ఉండాలి కాబట్టి. చెడ్డ కబురు ఏమిటంటే, నొక్కి ఎక్కించిన బేరింగ్‌ని మళ్ళీ బయటికి లాగితే అది సాధారణంగా పాడైపోతుంది. ఇంకో కొత్తది కొనాల్సిందే. ఆ ఖర్చు ఎవరు పెట్టుకోవాలో మీ మెకానిక్‌తో మీరే తేల్చుకోండి. పాత బేరింగ్ అతని దగ్గరే ఉంటే ముందు దాని మీద నంబరు రాసుకుని తర్వాత గొడవ పడండి.

ప్రశ్న: శ్రీకాకుళంలో కొంటే పన్ను తక్కువ, సామాను చవక అంటారు. నిజమేనా? (పర్లాకిమిడి)

జవాబు: 2017 జూలైకి ముందు చెక్‌పోస్టులు, ఎంట్రీ ట్యాక్సుల కాలంలో ఆ మాటకి అర్థం ఉండేది. జీఎస్టీ వచ్చాక పన్ను ఇటూ అటూ ఒకటే. 2025 సెప్టెంబరు 22 నుంచి కార్ల విడిభాగాలన్నిటికీ 18 శాతమే. తేడా వచ్చేది దుకాణంవాడు వదులుకునే కమీషన్‌లో. అది బేరం, పన్ను కాదు. ఎక్కడ కొన్నా జీఎస్టీ నంబరున్న బిల్లు తీసుకోండి. మొదటి రెండు అంకెలు ఆంధ్రా దుకాణానికి 37, మన ఒడిశా దుకాణానికి 21. తప్పు ముక్క వస్తే మార్చుకోవడానికి ఆ కాగితమే దిక్కు. వంద రూపాయల తగ్గింపుకి బిల్లు వదులుకుని, మార్చుకోవడానికి పెట్రోలు పోసుకుని మళ్ళీ శ్రీకాకుళం వెళ్ళేవాళ్ళని చాలామందిని చూశాను.

ప్రశ్న: బ్యాటరీ సైజు సరిగ్గా సరిపోయింది, కానీ వైరు టెర్మినల్ దాకా అందడం లేదు. లాగి బిగించనా? (రాయగడ)

జవాబు: లాగొద్దు. 38బీ20ఎల్, 38బీ20ఆర్ అని రెండుంటాయి. డబ్బా ఒకటే, రెండూ 20 సెంటీమీటర్ల పొడవే. చివర ఎల్, ఆర్ తేడాతో ప్లస్, మైనస్ తారుమారవుతాయి. మీకు కావలసింది కాకుండా ఇంకోది ఇచ్చారు. ఈరోజే వెళ్ళి మార్చుకోండి.

ప్రశ్న: అక్కా, ఎడమ హెడ్‌లైట్ పగిలింది. ‘డ్రైవర్ సైడ్ కాదు, రెండోది’ అని చెప్పి తెప్పించాను. వచ్చింది కుడిది. పైగా విదేశీ సరుకు. మా వాడు ‘లైటే కదా, ఎలాగోలా పట్టిద్దాం’ అంటున్నాడు. (గుణుపురం)

జవాబు: కుడిది ఎడమకి పట్టదు, బిగింపులే తేడా. ఆ మాట అటుంచండి. చాలా బయటి దేశాల కార్లలో స్టీరింగ్ ఎడమ పక్క ఉంటుంది కాబట్టి వాళ్ళ ‘డ్రైవర్ సైడ్’ ఎడమ, మన ‘డ్రైవర్ సైడ్’ కుడి. మీరు డ్రైవర్ సైడ్ కాదన్నారు, వాళ్ళు కుడిది పంపారు. వాళ్ళ భాషలో వాళ్ళు కరెక్టే. ఈసారి మన దేశపు ఎడమది తెప్పించండి. అక్కడి ఎడమ లైటు దొరికినా వద్దు. మనం రోడ్డుకి ఎడమ పక్క నడుస్తాం కాబట్టి మన లైటు వెలుగు ఎడమ అంచున కొంచెం పైకి లేస్తుంది, ఎదుటివాడి కళ్ళలో పడకుండా. వాళ్ళది కుడి పక్కకి లేస్తుంది. మన రోడ్డు మీద అంటే సరిగ్గా ఎదురొచ్చేవాడి మొహాన.

కుడి ఎడమలు ఎప్పుడూ డ్రైవరు సీట్లో కూర్చుని ముందుకి చూస్తూ చెప్పాలి. మెకానిక్కులు బానెట్ ముందు నిలబడి చెబుతారు, అప్పుడు వాళ్ళ ఎడమ చేతి పక్కది కారు కుడి లైటు. ఫొటో తీసి పంపినా ఇదే తిప్పలు. పాత లైటు వెనక ప్లాస్టిక్ మీద ఎల్‌హెచ్ అనో ఆర్‌హెచ్ అనో పోత పోసి ఉంటుంది. అది ఫొటో తీయండి.

మా దుకాణంలో ఒకసారి ఏమైందంటే, మీ గుణుపురం దగ్గర పల్లె నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేశాడు. ఎద్దుల అరక దున్నిన మనిషి. ‘దాపల పక్క లైటు పంపు బాబూ’ అన్నాడు. దాపటెద్దు, వలపటెద్దు అనే మాటలు ఇప్పటి పిల్లలకి ఏం తెలుసు? దాపల అంటే ఎడమ. ఫోనెత్తిన మా కుర్రాడిది ఒడియా ఇల్లు. వాడికి ‘డాహాణ’ అని వినిపించింది, ఒడియాలో కుడి. నమ్మకంగా కుడి లైటు ప్యాక్ చేసి గుణుపురం బస్సులో పెట్టాడు. మర్నాడు అదే బస్సులో డబ్బా తిరిగొచ్చింది, మీద బొగ్గుతో రాసిన ‘దాపల’ అనే మాట తెలుగులో ఇంతింత అక్షరాలతో. పాపం, మా వాడికి తెలుగు చదవడం రాదు. నా దగ్గరికి తెచ్చి ‘ఏం తిట్టాడక్కా?’ అని అడిగాడు.

ఇప్పుడు వాడు కుడా ఎడమా అని ఎవరినీ అడగడు. ‘స్టీరింగ్ పక్కదా, సీటు ఖాళీగా ఉండే పక్కదా?’ అంటాడు.